మా అమ్మలు అక్కచెల్లెళ్ళు

ఫిబ్రవరి 3

మూడు సీట్ల సోఫా చేతికి రెక్సిన్ బిగిస్తున్నాను. దాని మీద ఒరిగి బరువంతా వేస్తేగాని మడతలు పోవు. అలా ఒరిగినప్పుడు ఎడమ రొమ్ము పక్కన కలుక్కుమంది. నోటి నిండా మేకులున్నాయి కాబట్టి అరవలేదు. మేస్త్రి మాత్రం చూశాడు.

"ఏంటమ్మాయ్, మేకు మింగేశావా? సోఫాకి కొట్టాల్సినవి కడుపులో దాచుకుంటే ఎట్లా?" అన్నాడు. నవ్వాను.

మధ్యాహ్నం షెడ్డు వెనక గదిలోకి వెళ్ళి తడిమి చూసుకున్నాను. ఉంది. పాత పరుపులో దూది ఉండకట్టినట్టు, గట్టిగా, కదలకుండా ఉంది. అలాంటి ఉండల్ని రోజూ వేళ్ళతో వెతికి పీకి పారేస్తుంటాను. దీన్ని ఏం చేయాలో తెలియలేదు.

ఈ డైరీ మేస్త్రి ఇచ్చాడు. ఏ ఏడాదిదో, సగం పేజీల్లో ఎవరివో కుర్చీల కొలతలున్నాయి. మా క్వార్టర్స్‌లో నోరు విప్పి మాట్లాడుకోవడానికి లేదు. పక్కగది లెక్కల టీచరు తుమ్మితే మాకు వినిపిస్తుంది. నేనూ మా పంతులమ్మా ముద్దు పెట్టుకుంటే ఆవిడకి వినిపిస్తుందేమోనని పన్నెండేళ్ళుగా భయం. అందుకని రాస్తున్నాను. రాస్తే చప్పుడవదు.

ఫిబ్రవరి 4

పంతులమ్మకి చెప్పాను. చెయ్యి పెట్టి చూసింది.

"కండే పిల్లా. సుత్తి పట్టే చెయ్యి కదా నీది, కండ పెరిగుంటుంది" అంది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేం లేవు. ఆవిడ ఏడ్చేటప్పుడు కుళాయి తిప్పుకుంటుంది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది" అన్నాను గుమ్మంలో నిలబడి. కుళాయి కట్టేసింది గాని వెనక్కి తిరగలేదు.

ఫిబ్రవరి 6

బడి క్లినిక్‌కి వెళ్ళాం. దారి పొడుగునా పాఠం అప్పజెప్పించింది. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది.

"మీ అమ్మా, మా అమ్మా?"

"అక్కచెల్లెళ్ళు."

"ఎవరు పెద్ద?"

"మీ అమ్మ. అందుకే నువ్వు నాకు అక్కవి."

"మరి నువ్వింత నల్లగా ఎందుకున్నావు?"

"మా అమ్మ నల్లవాణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకుంది. నాకు నాన్న పోలిక."

"అమ్మేమైంది?"

"బస్సు కింద పడి పోయింది."

"వెరీ గుడ్. కూర్చో" అంది, నడుస్తూనే. నవ్వుకున్నాం.

ఆవిడ ఈ ఆడపిల్లల బడిలో చేరిన ఏడాది తయారైన పాఠం ఇది. బడి వెనకే క్వార్టర్స్. టీచరుతో పాటు అయినవాళ్ళూ పనివాళ్ళూ తప్ప ఎవరూ ఉండకూడదని బడి నడిపే పెద్దమేడమ్ రూలు. అప్పుడు ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతూ ఆవిడకో పిన్నినీ, నాకో తెల్లటి అమ్మనీ తయారుచేశాం. అసలు మా అమ్మ నాకంటే నలుపు. పంతులమ్మ వాళ్ళ వీధిలోకి తను ఎప్పుడూ అడుగు పెట్టి ఉండదు. బస్సు మాత్రం నా ఆలోచనే. సినిమాలా ఉంటుందని.

డాక్టరమ్మ పెద్దమేడమ్‌కి ఆడపడుచు. ఇక్కడ ఏం మాట్లాడినా సాయంత్రానికి అక్కడ వినిపిస్తుంది.

"మీరు కూర్చోండి టీచర్‌గారూ. నువ్విలా వచ్చి పడుకో" అంది. ఇద్దరం అక్కచెల్లెళ్ళమని నమ్మిన మనిషే ఒక్క ఊపిరిలో ఒకరిని మీరంది, ఇంకొకరిని నువ్వంది. పంతులమ్మ గమనించలేదు. ఎప్పుడూ గమనించదు. తనని ఎవరూ నువ్వు అనరు కదా.

నా ఒంటి మీద మడత పెట్టిన రుమాలు వేసి దాని పైనుంచి నొక్కింది డాక్టరమ్మ. "అమ్మా" అన్నాను.

"ఊరికే అరవకు. మీవాళ్ళ ఒళ్ళు గట్టిది, నొప్పి అంతగా తెలీదు" అంది. తెలిసింది నాకు, ఇదెక్కడి తంటా.

"పెళ్ళైందా?"

"లేదండీ."

"పాపం" అని నా మొహం కేసి చూసి, పంతులమ్మ వైపు తిరిగింది. "ఈ రంగుకి సంబంధాలు రావడం కష్టమేలెండి. మీరు మాత్రం కావాలనే చేసుకోలేదని వదిన చెప్పింది. పిల్లల చదువుల కోసం జీవితం ఇచ్చేశారట. గొప్ప విషయం."

మా ఇద్దరికీ పెళ్ళి కాకపోవడానికి కారణం ఒక్కటే. ఆవిడకి నేను, నాకు ఆవిడ. అయినా ఆవిడది త్యాగం అయింది, నాది ఖర్మ అయింది.

"అమ్మవైపు ఎవరికన్నా రొమ్ములో గడ్డలున్నాయా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పంతులమ్మ అందుకుంది.

"లేవండీ. మా అమ్మకి డెబ్బై దాటాయి, నిక్షేపంలా ఉంది. పిన్నిది బస్సు ప్రమాదం."

పాఠం నాకంటే ఆవిడకే బాగా వచ్చు.

"ఇంకేం మరి! అమ్మవైపు లేదు, నలభై నిండలేదు. పెద్దాసుపత్రికి రాసివ్వాల్సిన పనేం లేదు. పిల్లల్ని కనని ఒళ్ళు కదా, కొవ్వు ఇలాగే గడ్డకడుతుంది. ఓ పెళ్ళి చేసేయండి, పోతుంది" అని తన జోకుకి తనే నవ్వి మాత్రలిచ్చింది. పంతులమ్మ కూడా కాస్త నవ్వింది. మర్యాదకే.

బయటికి రాగానే "హమ్మయ్య" అంది. నేనూ హమ్మయ్య అనుకున్నాను. ఎంతైనా చదువుకున్న మనిషి. కొవ్వే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 7

మాత్రలు చేదు.

ఫిబ్రవరి 19

తగ్గినట్టుంది. కుడిచేత్తో చూస్తే తగ్గినట్టుంది, ఎడమచేత్తో చూస్తే లేదు. కుడిచేత్తోనే చూస్తున్నాను.

మార్చి 2

తగ్గలేదు. ఏ చేత్తో చూసినా తగ్గలేదు.

"అమ్మ సంగతి డాక్టరమ్మకి చెప్పేద్దాం" అన్నాను. పంతులమ్మ మొహంలో రంగు మారింది. ఆవిడ మొహంలో రంగు మారితే కనిపిస్తుంది, నాకైతే ఆ ఇబ్బంది లేదు.

"ఎలా చెప్తాం? బస్సు కింద పడిందని చెప్పాం కదే. పెద్దమేడమ్ అప్పట్లో నీ భుజం మీద చెయ్యేసి ఓదార్చింది కూడా."

"అయితే ఏం చేద్దాం?"

చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. "మేనత్తకి ఉందని చెప్దాం. మీ నాన్నవైపు సంగతులు ఎవరికి తెలుసు?"

సరే అన్నాను. మా అమ్మ ఇదివరకు తెల్లదైంది, బస్సు కింద పడింది, ఇప్పుడు మా మేనత్త అయింది. బతికినన్నాళ్ళూ మా నల్లవాళ్ళ పేట దాటని మనిషి, పోయాక ఎన్ని వేషాలు వేస్తోందో.

మార్చి 5

మేనత్త పాచిక పారలేదు.

"నాన్నవైపా? మీవాళ్ళలో ఎవరు దేంతో పోయారో ఎవరికి తెలుసమ్మా" అంది డాక్టరమ్మ. "దెబ్బ తగిలి వాచినా గడ్డే అంటారు, చీము పట్టినా గడ్డే అంటారు. డాక్టరు చూశాడా?"

"ఒకసారి చూశాడండీ."

"ఏమన్నాడు?"

"వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు."

"చూశావా మరి! ఏమీ లేదనే కదా" అని పెన్నుకి మూత పెట్టేసింది.

కాపడం పెట్టేది నేనే. అమ్మ పంటి బిగువున ఓర్చుకునేది. ఆ డాక్టరు కూడా అమ్మకి నొప్పి తెలియదనే అనుకుని ఉంటాడు. నాకు వచ్చిన కోపానికి ఆ టేబులు మీద అద్దం నా తలకాయతో బద్దలు కొట్టాలనిపించింది. "సరేనండీ" అని వచ్చేశాను.

పంతులమ్మ ఇంటికొచ్చాక కుళాయి తిప్పింది.

మార్చి 7

మేస్త్రికి తలనొప్పని చెప్పి, పంతులమ్మకి చెప్పకుండా, ఒక్కదాన్నే పెద్దాసుపత్రికి వెళ్ళాను. కిటికీ దగ్గరి మనిషి నా కార్డు చూశాడు.

"దీని మీద బడి క్లినిక్ అని ఉంది. అక్కడి డాక్టరు రాసిస్తేనే సూది పరీక్ష చేస్తారు."

"ఆవిడ రాయనంటోంది బాబూ."

"అయితే అవసరం లేదని కదా అర్థం."

"కార్డు లేకుండా వస్తే?"

"అదిగో, మీ పేటవాళ్ళ లైను. పేరు రాయించుకుంటే ఆర్నెల్లకో ఏడాదికో పిలుస్తారు."

లైను మెట్లు దిగి, గోడ చుట్టూ తిరిగి, సైకిళ్ళ షెడ్డు దాకా ఉంది. అందరూ నా రంగువాళ్ళే. చివర నిలబడ్డ పెద్దావిడ నా చేతిలో కార్డు చూసి, "క్లినిక్ కార్డే! అదృష్టవంతురాలివి తల్లీ" అంది. ఆవిడ మెడకి ఒకవైపు నిమ్మకాయంత వాపుంది. కార్డు రవికలో దాచుకున్నాను, దొంగతనం చేసినట్టు.

మార్చి 15

పంతులమ్మ చెప్తానంది! తనే అంది, నేను అడగకుండా. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళి, మేం అక్కచెల్లెళ్ళం కాదు, స్నేహితులం, ఇల్లు దొరక్క అలా చెప్పాం అంటుందట.

"ఉద్యోగం పోతే?"

"పోనీ. ఉద్యోగం నీకంటే ఎక్కువా?" అంది.

పోనీ అంది. స్నేహితులం అనే చెప్తుంది, అంతకుమించి చెప్పదు. అది చాలు. చాలా రోజుల తర్వాత నా ఎడంపక్కకి తిరిగి పడుకుంది, చెయ్యి గడ్డకి తగలకుండా జాగ్రత్తగా వేసి. నిద్రపోతే ఆ చెయ్యి తీసేస్తుందేమోనని నేను కదల్లేదు.

మార్చి 17

చెప్పలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలట.

మార్చి 19

చెప్పలేదు. డాక్టరమ్మ చిరాగ్గా ఉందట.

మార్చి 21

రేపు తప్పకుండా చెప్తుంది.

మార్చి 22

లేదు.

మార్చి 26

పోట్లాడుకున్నాం. మా పోట్లాటలు కూడా గుసగుసల్లోనే. లెక్కల టీచరు పక్కగదిలో దగ్గుతుంటే గొంతు ఇంకా తగ్గిస్తాం. కడుపు మండిపోతుంటే చెవిలో గుసగుసలాడడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను.

వైస్‌ప్రిన్సిపాల్ పదవి తనకే ఇస్తారట. పెద్దమేడమ్ చూచాయగా చెప్పిందట. అదొచ్చేదాకా ఆగమంది. అదొచ్చాక తనని ఎవరూ కదపలేరట.

"నీది పదవి. నాది ప్రాణం" అన్నాను.

"అలా అనకు. అసలు ఆలోచించావా? నా ఉద్యోగం పోతే ఈ క్లినిక్కూ ఉండదు, ఈ కార్డూ ఉండదు. ఆ సైకిళ్ళ షెడ్డు దగ్గర నిలబడతావా?"

సైకిళ్ళ షెడ్డు సంగతి ఎప్పుడో నేనే చెప్పినట్టున్నాను. ఆ మాట నిజమే కూడా. ఆవిడ భయానికి నా జబ్బునే అడ్డం పెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది, కాని అందులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోయాను.

ఆవిడ చెడ్డది కాదు. పన్నెండేళ్ళు. నాకు జ్వరమొస్తే సెలవు పెట్టి కూర్చున్న మనిషి. చెడ్డది కాదు.

ఏప్రిల్ 3

గడ్డ ఉన్నచోట చర్మం లోపలికి పీక్కుపోయి గుంట పడింది. కుషన్‌కి గుండీ వేసి లాగితే గుడ్డ లోపలికి పోతుందే, అలా.

షెడ్డులో సోఫా మీద ఒరగకుండా పనిచేస్తుంటే మేస్త్రి వచ్చాడు. "ఏమ్మాయ్, సోఫాతో అలిగావా?" అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. చెప్పాను. ఆయన నోట్లో మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకున్నాడు.

"మీ అక్క టీచరు కదమ్మా. ఆవిడ చెబితే వినరా వాళ్ళు?"

"వింటారు బాబాయ్. ఆవిడ చెప్పేదే వింటారు. అదే తంటా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఏప్రిల్ 9

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్న నేనొక్కదాన్నే క్లినిక్‌కి వెళ్తానన్నాను. వద్దంది. వెళ్తానన్నాను. అప్పుడు చెప్పులేసుకుని వెంట వచ్చింది. ఈసారి పాఠం అప్పజెప్పించలేదు. తీరా వెళ్తే లోపల పెద్దమేడమ్ కూర్చుని ఉంది, బీపీ చూపించుకుంటూ. పంతులమ్మ నా మోచేతి మీద గిల్లింది. ఇవాళొద్దు అని.

"మళ్ళీ వచ్చావా? మాత్రలైపోయాయా?" అంది డాక్టరమ్మ.

నేను కూర్చోలేదు, పడుకోలేదు. రవిక హుక్కులు విప్పి, "ఇక్కడ చూడండి" అన్నాను. పెద్దమేడమ్ మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ మొదటిసారి రుమాలు లేకుండా దగ్గరికొచ్చి చూసింది. కళ్ళజోడు సర్దుకుంది.

"గుంట ఎప్పట్నుంచి? అమ్మవైపు ఎవరికీ లేదు కదా, మరి..."

"ఉందండీ" అన్నాను. "మా అమ్మ దీంతోనే పోయింది. మా అమ్మమ్మా దీంతోనే పోయింది. బస్సూ లేదు గిస్సూ లేదు. మా అమ్మా, ఈవిడ అమ్మా అక్కచెల్లెళ్ళు కారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎప్పుడూ చూడలేదు. నేను ఈవిడకి చెల్లెల్ని కాను."

పెద్దమేడమ్ చేతికి చుట్టిన పట్టీలోంచి గాలి దిగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

డాక్టరమ్మ నన్నేమీ అడగలేదు. పెద్దమేడమే అడిగింది, అదీ పంతులమ్మని. "మరి ఈవిడ మీకేమవుతుంది టీచర్‌గారూ?"

నేను పంతులమ్మ వంక చూశాను. స్నేహితురాలంటుందనుకున్నాను. ఆ ఒక్క మాటే కదా, నెల్లాళ్ళుగా ఇంట్లో అనుకుంటున్న మాటే కదా. పోతే ఇల్లు పోతుంది, ఏదో ఒకటి చేద్దాం, మేస్త్రి షెడ్డు వెనక గది ఉంది అనుకున్నాను. ఆ కాస్తలోనే ఇంత ఆలోచించాను. ఆవిడ నా వంక చూడలేదు.

"మా ఇంట్లో పనిచేస్తుందండీ" అంది.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. చిన్నప్పటినుంచీ వాళ్ళింట్లోనే పెరిగానట. తల్లి లేని పిల్లనని వెంట తెచ్చుకుందట. పగలు షెడ్డులో పని కూడా చేసుకోనిస్తోందట. పనిమనిషని చెబితే క్లినిక్‌లో సరిగ్గా చూడరేమోనని చెల్లెలందట. తప్పేనట. ఏడ్చింది కూడా. అక్కడ కుళాయి లేదు, అందరూ చూశారు.

పెద్దమేడమ్ లేచి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఎంత మంచి మనసండీ! పనిమనిషిని చెల్లెలని చెప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? నాకు ముందునుంచీ అనుమానమే. ఇద్దరికీ ఎక్కడా పోలికే లేదేంటా అని."

"అదే మరి" అంది డాక్టరమ్మ.

అక్కచెల్లెళ్ళమంటే పన్నెండేళ్ళలో ప్రతివాళ్ళూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. పనిమనిషనగానే ఒక్కరు కూడా నా మొహం చూడలేదు.

డాక్టరమ్మ పెద్దాసుపత్రికి అక్కడికక్కడే రాసిచ్చింది. "తల్లికీ అమ్మమ్మకీ ఉంటే ముందే చెప్పొద్దూ? మీవాళ్ళలో ఇది ఎక్కువే" అంది. పోయిన నెల మావాళ్ళు దేంతో పోతారో ఎవరికీ తెలియదంది. "ఇక నుంచి గురువారం వెనక గుమ్మం దగ్గరికి రా. పనివాళ్ళని ఆరోజు చూస్తాను."

రవిక హుక్కులు ఇంకా పెట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 10

"నోటికొచ్చేసింది పిల్లా. ఏమనాలో తోచక నోటికదే వచ్చేసింది" అంటుంది. రాత్రినుంచీ ఇదే మాట.

క్వార్టర్స్ ఇచ్చిన రోజు పనిమనిషని చెప్పేస్తే తేలిక కదా అని నేనే అన్నాను. "చచ్చినా ఆ మాట నా నోట రాదు" అని నా నోరు మూసింది. బతికితే ఈవిడతోనే బతకాలని ఆరోజే అనుకున్నాను.

"పరీక్ష రాయించుకున్నాం కదా. పని జరిగింది కదా" అంది తెల్లవారుతుంటే. జరిగింది. ఆవిడ ఉద్యోగం ఉంది, నా కార్డూ ఉంది. నష్టం ఎవరికని అడిగితే చూపించడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 24

గడ్డ మంచిది కాదట. చంకలోకి కూడా పాకింది.

"ఫిబ్రవరిలో వచ్చుంటే గడ్డ వరకు తీసి రొమ్ము మిగిల్చేవాళ్ళం" అన్నాడు ఆపరేషన్ చేసే డాక్టరు. "ఇన్నాళ్ళు ఎందుకు అశ్రద్ధ చేశావు?" అని నన్ను అడిగాడు. నన్ను!

"మీవాళ్ళు చివరిదాకా రారు, అదే మీతో వచ్చిన చిక్కు" అన్నాడు కాగితాలు మడుస్తూ.

మే 4

నిన్న ఆపరేషన్ అయింది. ఎడమచేతి వైపు తిరగలేను, వంకర టింకరగా రాస్తున్నాను.

మెలకువ వచ్చీ రానప్పుడు నర్సు నా చెంప మీద తట్టి, "మీ అమ్మగారొచ్చారు" అంది. అమ్మ వచ్చిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నల్లగా, పేట చీరలో, కాపడం గుడ్డ చేత్తో పట్టుకుని వచ్చిందనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కళ్ళు తెరిస్తే పంతులమ్మ నిలబడి ఉంది, చేతిలో బత్తాయిలు.

అరగంట ఉంది. స్టూలు మీద కూర్చోలేదు. పక్క మంచం ఆవిడ "మీ అమ్మగారు దేవతమ్మా, పనిమనిషిని చూడ్డానికి ఎవరొస్తారు" అంది.

రాత్రికి తోడు ఎవరుంటారని నర్సు అడిగింది. అక్క అయితే ఉండొచ్చు. పనిమనిషి దగ్గర అమ్మగారు పడుకుంటే చూసేవాళ్ళకి బాగోదు కదా. పంతులమ్మ నా వంక చూసి, నర్సు వంక చూసి, "పొద్దున్నే వస్తాను" అని వెళ్ళిపోయింది. మూత్రానికి లేవాల్సొస్తే పక్క మంచం ఆవిడ కూతురు పట్టుకుంది.

మే 9

మేస్త్రి వచ్చాడు. వార్డులో కుర్చీలన్నీ కదిపి చూసి, "మన చేతిలో పడితే బాగుపడును" అన్నాడు. వెళ్ళేటప్పుడు, "మీ అక్కని బయట చూశాను. ఎవరితోనో నిన్ను పనిమనిషంటోంది, నేను తప్పు విన్నానా?" అన్నాడు.

తప్పు విన్నావు బాబాయ్ అన్నాను.

మే 21

ఇంటికి వచ్చి వారం అయింది. పంతులమ్మకి వైస్‌ప్రిన్సిపాల్ పదవి వచ్చింది. పెద్దమేడమ్ సభలో ఈవిడ దయాగుణం గురించి కూడా చెప్పిందట. అభినందించడానికి టీచర్లు వస్తూ పోతూ ఉన్నారు. వచ్చినవాళ్ళకి ముందుగదిలో రెండు దిండ్లు పక్కపక్కన కనిపిస్తే బాగోదని నా మంచం వంటింట్లో వేసింది.

"కొన్నాళ్ళే. వీళ్ళ రాకపోకలు తగ్గేదాకా" అంది.

తలుపు గడియ పెట్టాక ముందుగదిలోకి రమ్మంటుంది. మొదటి రెండు రోజులు వెళ్ళాను. కట్టు వంక చూడకుండా దుప్పటి కప్పింది. నొప్పిగా ఉందా అని అడిగింది. మావాళ్ళకి నొప్పి తెలియదన్నాను. నవ్వుతుందనుకున్నాను, ఏడ్చింది. ఏడిస్తే నేనే ఓదార్చాల్సి వచ్చింది.

మే 28

లెక్కల టీచరు గుమ్మంలో నిలబడి, "కాస్త కోలుకున్నాక మా గది కూడా తుడిచిపెడతావా, అమ్మగారిని అడిగి చెప్పు" అంది. పంతులమ్మ లోపలే ఉంది. వినబడే ఉంటుంది. ఆ గోడలోంచి ఏదైనా వినబడుతుంది.

అడిగి చెప్తానన్నాను.

జూన్ 2

ఆదివారం. ఎవరూ రాలేదు. లెక్కల టీచరు ఊరెళ్ళింది. తలుపు గడియ పెట్టే ఉంది. పంతులమ్మ ముందుగదిలో కూర్చుని ఏవో కాగితాలు దిద్దుకుంటోంది.

వంటింట్లో పై అరలో డబ్బా దించాలి, నా చెయ్యి లేవడం లేదు. పిలవబోయాను. బయటి మనుషులెవరూ లేరు కాబట్టి అక్కా అనక్కర్లేదు. ఇంట్లో ఏమేవ్ అంటాను, ఒసేవ్ అంటాను, పంతులమ్మా అంటాను. ఇవాళెందుకో కాస్త ఉడికిద్దామనిపించింది. వెనకటికైతే ఇలాంటి మాటకి చేతిలో ఉన్న సుద్దముక్క నా మీదికి విసిరి, మీద పడి రక్కేది.

"అమ్మగారూ!" అని కేకేశాను.

"ఆఁ, చెప్పు" అంది, దిద్దుతూనే.